రంగూన్ ఆటగాడి తెలుగు

1936 జూలై మొదటి వారంలో నన్ను తాడేపల్లిగూడెం ఫుట్‌బాల్ జట్టుకు ట్రెయినరుగా అరువిచ్చారు. అరువు అన్న మాట నాది కాదు, మా స్కూలు కరస్పాండెంటుగారు పంపిన మెమోలోది. అప్పటికి నేను ఏలూరులో ఒక మిషన్ హైస్కూలులో డ్రిల్లు మాస్టరును. మద్రాసులో ఏడాది పాటు వ్యాయామ శిక్షణ పొంది వచ్చినవాళ్లు చుట్టుపక్కల తక్కువ. అందుచేత నాకు కాస్త గీర కూడా ఉండేది. మెళ్లో విజిలూ, జేబులో ఆట నిబంధనల పుస్తకమూ లేకుండా గుమ్మం దాటేవాణ్ణి కాను. నల్లజర్ల పొలాల్లో కూలి చేసిన మా నాన్న ఆ విజిలు చూసి, నాకు రైల్లో గార్డు ఉద్యోగం వచ్చిందనుకుని చాలాకాలం సంతోషించాడు.

మంగళ, గురు, శనివారాలు మధ్యాహ్నం ప్యాసింజరులో గూడెం వెళ్లి, ప్రాక్టీసు చేయించి, సాయంత్రం బండికి తిరిగి రావడం నా డ్యూటీ. ఆ ఏడాది కాలువల మీది ఊళ్లు ఆరు కలిసి ఒక లీగు పెట్టుకున్నాయి. టోర్నమెంటులో ఓడిన జట్టు ఇంటికి పోతుంది. లీగులో అలా కాదు. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో రెండేసిసార్లు ఆడాలి, పాయింట్లు కలుపుకుంటూ పోవాలి. ప్రతి జట్టూ జీతం ఇచ్చి ఒక్క బయటి ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చునని కమిటీవారు నిబంధన పెట్టారు. అతని పేరు మూడు ప్రతుల ఫారం మీద రాసి పంపాలి. ఒకసారి ఫారం దాఖలయ్యాక అతన్ని వదులుకుంటే ఆ సీజనులో ఇంకొకర్ని తెచ్చుకోకూడదు, అతను ఇంకో జట్టులో ఆడకూడదు. బెజవాడ జట్టువాళ్లు మద్రాసు నుంచి ఒక ఆంగ్లో ఇండియన్ ఫార్వర్డును అప్పటికే దింపేశారు. ఆరడుగుల మనిషి, భుజం విసిరితే ఇద్దరు పక్కకు పడేవారు.

మా జట్టులో కాళ్లకు లోటు లేదు. లోటంతా నోటిలో ఉంది. మా జట్టంత మర్యాదస్తుల జట్టును నేను మళ్లీ చూడలేదు. గోల్‌కీపరు పోలయ్య కొల్లేటికోట జాలరి. వల విసిరి విసిరి కాచిన చేతులు, ఎంత ఎత్తు బంతైనా అందుకునేవాడు. అతని ముందు లెఫ్ట్ బ్యాక్‌గా ఆడేది కృష్ణమూర్తి, మా జట్టు అధ్యక్షులు వెంకటరత్నంగారి ఏకైక కుమారుడు. వెంకటరత్నంగారికి ధాన్యం మిల్లు ఉంది, పోలయ్య బావలిద్దరు ఆ మిల్లులోనే బస్తాలు మోస్తారు. ఆ రోజుల్లో కీపరు చేతిలో బంతి ఉండగా అవతలివాడు భుజంతో నెట్టవచ్చు, అది తప్పు కాదు. కాబట్టి బంతి పైకి లేవగానే అది ఎవరిదో కీపరు అరిచి చెప్పాలి, బ్యాకు తప్పుకోవాలి. భీమవరం మీద ఆడిన మొదటి ఆటలో బంతి గోలు ముందు లేచింది. పోలయ్య చేతులు చాచి, "చినబాబుగారండీ, తమరు కాస్త పక్కకి తప్పుకుంటే" అన్నాడు. ఆ వాక్యం పూర్తయ్యేసరికి ఇద్దరూ ఢీకొని కింద పడ్డారు, బంతి వలలో ఉంది.

మద్రాసులో నేర్చుకున్న విద్య ప్రకారం నేను వాళ్లకు ఇంగ్లీషు కేకలు నేర్పాను. బంతి నాది అనడానికి 'మైన్', వదిలెయ్యి అనడానికి 'లీవ్'. వారం తిరిగేసరికి అవి 'మైనండీ', 'లీవండీ' అయ్యాయి. మా రైట్ హాఫ్ తాలూకా కచేరీ గుమాస్తా, లీవ్ అన్న మాట వినగానే మొహం వికసించి ఒక్క క్షణం ఆగిపోయేవాడు. నేను ఏం చేయను? నేనూ ఈ గాలి పీల్చి పెరిగినవాణ్ణే. వాళ్లను తిట్టేటప్పుడు కూడా నా నోట అండీ వచ్చేది.

రెండు ఆటలు ఓడాక వెంకటరత్నంగారు పట్టుదలకు వచ్చారు. రంగూన్‌లో వ్యాపారం చేసే బావమరిదికి ఉత్తరం రాశారు. రంగూన్ బియ్యం వచ్చి మన బియ్యం ధర పడగొడుతోందని రోజూ ఆ ఊరిని ఆడిపోసుకునే మనిషి ఆటగాడి కోసం ఆ ఊరికే రాయడం మిల్లులో అందరికీ నవ్వులాటైంది. జవాబు వచ్చింది. మౌంగ్ చిట్ అనే బర్మా కుర్రాడు, ఇరవై రెండేళ్లు, ఇన్‌సైడ్ లెఫ్ట్ ఫార్వర్డు. రంగూన్‌లో అతని ఆట చూడడానికి గోదాములు మూసేసి వస్తారట. చివర్న, తెలుగు ధారాళంగా మాట్లాడతాడు అని కింద గీత గీసి మరీ రాశారు. ఆ గీత చూసి మేమంతా ఎంతో మురిసిపోయాం. ఫారం నేనే నింపి దాఖలు చేశాను.

చిట్ స్టీమరులో కాకినాడ దిగి, సామర్లకోట మీదుగా రైల్లో గూడెం వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద సన్నాయి మేళం, దండలు. బక్కపలచటి మనిషి, నున్నగా దువ్విన జుట్టు, పట్టు లుంగీ. వెంకటరత్నంగారు దండ వేశారు. చిట్ చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి, నడుం దాకా వంగి, ఎంతో వినయంగా అన్నాడు.

"ఒరే, బాగున్నావేటిరా? ఆకలేస్తంది, కూడెట్టరా."

సన్నాయి ఆగిపోయింది. వెంకటరత్నంగారిని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అలా పలకరించి ఉండరు. ఆయన మొహం ఎర్రబడింది. చిట్ మాత్రం ఇంకా వంగే ఉన్నాడు, ఏదైనా తక్కువైందేమోనని మళ్లీ ఇంకొక 'ఒరే' చేర్చాడు.

సంగతి నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. చిట్ పదేళ్ల వయసు నుంచీ రంగూన్ రేవులో, బియ్యం గోదాముల్లో, మన తీరం నుంచి వెళ్లిన కూలీల మధ్య పెరిగాడు. ఆడడం నేర్పింది వాళ్లే, అన్నం పెట్టిందీ వాళ్లే. ఆ గోదాములో మేస్త్రీ కూలీని ఒరే అంటాడు, కూలీ తోటివాణ్ణి ఒరే అంటాడు. బర్మా భాషలో మనిషి పేరుకు ముందు గౌరవంగా ఒక చిన్న మాట చేర్చడం రివాజట. తెలుగువాళ్లందరూ ప్రతి పలుకుకూ ముందు వాడే ఈ మాట కూడా అలాంటిదే అని చిట్ నిశ్చయించుకున్నాడు. పెద్దవాళ్లయితే రెండుసార్లు అనేవాడు.

వెంకటరత్నంగారి తల్లిగారికి డెబ్బై దాటాయి, అందరూ మామ్మగారు అంటారు. అన్నం వడ్డిస్తుంటే చిట్ ఆవిడతోనూ, "ఒరే, ఇంకొంచెం ఎయ్యరా" అన్నాడు. పనివాళ్లు కొయ్యబారిపోయారు. ఆవిడ విస్తరి ముందు చతికిలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తనను అలా చనువుగా పిలిచేవాళ్లంతా పోయి పాతికేళ్లయిందని, ఇన్నాళ్లకు ఒకడు వచ్చాడని అంది. ఆ రోజు నుంచి ఆవిడకు అతను చిట్టిబాబు.

కొడుకుగారికి మాత్రం నవ్వు రాలేదు. నన్ను మిల్లు ఆఫీసుకు పిలిపించి వారం గడువిచ్చారు. ఈ లోపల మర్యాద నేర్పించాలి, లేకపోతే వచ్చే స్టీమరుకు ఎక్కించెయ్యాలి. చిట్‌కు అదెంత కష్టమో నాకు తెలుసు. గోదాములో పని వదులుకుని, అందరితో చెప్పుకుని వచ్చాడు. తిరిగి వెళ్తే పాత పని ఉండదు, నిబంధన ప్రకారం ఇక్కడ ఇంకో జట్టులోనూ ఆడడానికి వీల్లేదు. మాటకు ఎంత విలువుందో తెలిశాక సిగ్గుతో రెండు రోజులు నోరు విప్పలేదు. తర్వాత పంతం పట్టి నేర్చుకున్నాడు. మిల్లు అరుగు మీద కూర్చుని నేను ఒరే అన్నచోటల్లా అండీ పెట్టించాను. వారానికి అతను మునసబుగారి కంటే మర్యాదగా మాట్లాడుతున్నాడు. నా బోధన మీద నాకెంతో గర్వం కలిగింది. నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు అదే.

తర్వాతి ఆటలో చిట్ బంతి కోసం మైదానమంతా తిరుగుతూ, "ఏవండీ, తమకు వీలైతే ఇటు ఇప్పిస్తారా అండీ" అంటూ అడిగాడు. మావాళ్లు, "అయ్యో, తప్పకుండానండీ" అన్నారు. అంతలో బంతి పోయేది. మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాం. వెనక వల కూడా చిరిగింది. వెంకటరత్నంగారు స్టీమరు టిక్కెట్టుకు మనిషిని కాకినాడ పంపారు. మర్యాద లేనప్పుడు పంపించాలనుకున్నవాణ్ణి ఇప్పుడు ఆట లేదని పంపుతున్నారు. రెంటికీ కారకుణ్ణి నేనే.

గోలు వెనక కట్టే వలలు కొల్లేటికోట నుంచే వచ్చేవి. వాటిని బాగుచేయించడం ట్రెయినరు విధుల్లో ఒకటి. ఆదివారం మిషన్ గుడిలో ఆరాధన కాగానే వల చుట్ట తీసుకుని బయల్దేరాను. గూడెంలో గదిలో ఒంటరిగా కూర్చున్న చిట్‌ను చూడలేక ముందురోజే నా వెంట తీసుకొచ్చాను. ఏలూరు నుంచి బండిలో సరస్సు గట్టుకు చేరి, అక్కడ తాటి దోనె ఎక్కాం. వానలకు కొల్లేరు నిండి కనుచూపు మేరా నీళ్లే. కొల్లేటికోట దగ్గర పోలయ్యవాళ్లు ఎనిమిది మంది రెండు దోనెల మీద పెద్ద వల లాగుతున్నారు.

నేను ఆశ్చర్యపోయింది అక్కడే. మైదానంలో నోరు పెగలని పోలయ్య ఇక్కడ దోనె చివర నిలబడి కేకలు పెడుతున్నాడు. "లాగరా. వదలరా. ఒరే, కుడికిరా." ఆ కేకలు అందుకుంటున్న వాళ్లలో ఒకాయన అతని సొంత మేనమామ, అరవై ఏళ్ల మనిషి. ఆయన కిమ్మనకుండా కుడికి తిరిగాడు. వల ఒడ్డుకు చేరి, చేపలు బుట్టల్లో పడ్డాక, పోలయ్య తలగుడ్డ తీసి అదే మేనమామతో, "అలిసిపోయారు మామయ్యా, కూకోండి, చుట్ట తెత్తాను" అన్నాడు. ఇందులో వింతేముందో అతనికి అర్థం కాలేదు. వల నీళ్లలో ఉన్నప్పుడు మామయ్యగారండీ అంటూ కూర్చుంటే చేప ఆగదు కదా మాస్టారూ అన్నాడు.

చిట్ ఈ లోపల లుంగీ ఎగగట్టి నీళ్లలో దిగి వాళ్లతోపాటు తాడు పట్టుకున్నాడు. ఒరే అంటే ఒరే అంటున్నారు, అందరూ నవ్వుతున్నారు. వారం రోజుల్లో మొదటిసారి అతని మొహం తేటపడింది. ఒడ్డెక్కి నాతో రహస్యంగా అన్నాడు, "ఇక్కడోళ్లు మంచి తెలుగు మాట్టాడతన్నారు మాస్టరూ. మీ ఊరోళ్లే మరిచిపోయారండీ."

మర్నాడు నేను వెంకటరత్నంగారి ముందు నిలబడి ఒక విన్నపం చేశాను. మైదానం చుట్టూ సున్నంతో గీత వేస్తాం. ఆ గీత లోపల చిట్ తెలుగు, గీత బయట మన తెలుగు. లోపల ఉన్నంతసేపు పదకొండుగురూ ఒకరినొకరు ఒరే అనే పిలుచుకోవాలి. కేక మూడు నాలుగు అక్షరాలు దాటకూడదు. నాదిరా, వదలరా, వెనకరా, కొట్టరా. ఆయన విన్నంతసేపు విని, తన మిల్లులో బస్తాలు మోసేవాళ్ల బావమరిది తన కొడుకును ఒరే అనాలా అని అడిగారు. అవునండీ అన్నాను. ఆయన లేచి నిలబడ్డారు. నా అరువు ఆ క్షణంతో తీరిపోయిందనుకున్నాను.

లోపలి నుంచి మామ్మగారు వచ్చింది. కొడుకును కూర్చోమంది. "నీ చిన్నప్పుడు ఎడ్ల ముందుకి పరిగెత్తితే, మన పాలేరు 'ఒరే ఆగరా' అని అరిచాడు, ఆగావు. 'బాబుగారండీ' అని మొదలెట్టుంటే ఈ పాటికి నీకు తద్దినాలు పెడుతుండేదాన్నిరా" అంది. ఆవిడ ఆ మాట మామూలుగానే చెప్పి, తమలపాకులు తెమ్మని లోపలికి కేకేసి వెళ్లిపోయింది. వెంకటరత్నంగారు కిటికీలోంచి మిల్లు కేసి చూశారు. చివరికి ఒక్క ఆట అన్నారు. శనివారం ఏలూరులో బెజవాడ మీద. గెలవకపోతే చిట్ స్టీమరుకు, నేను స్కూలుకు.

ప్రాక్టీసుకు నాలుగు రోజులే మిగిలాయి, స్కూలుకు సెలవు పెట్టి రోజూ వెళ్లాను. చిట్ మేస్త్రీ అయ్యాడు. గుమాస్తా రెండో రోజుకు దారిలో పడి, మూడో రోజుకు ఎంత రుచి మరిగాడంటే, బంతి లేకపోయినా ఒరే అంటూ తిరిగాడు. ఒక్క పోలయ్యే లొంగలేదు. కృష్ణమూర్తి స్వయంగా వెళ్లి బతిమాలాడు. ఇంట్లో నన్ను కిట్టూ అంటారు, నువ్వూ అలాగే అనమన్నాడు. పోలయ్య చెమటలు తుడుచుకుని, "అలాగేనండీ కిట్టూగారండీ" అన్నాడు. శుక్రవారం సాయంత్రానికి నాకు ఆశ పోయింది.

ఏలూరు మైదానంలో ఆ శనివారం గీత చుట్టూ జనం కిక్కిరిశారు. వాన వెలిసి నేల చిత్తడిగా ఉంది. తోలు బంతి నీళ్లు పీల్చి ఇటుకలా బరువెక్కింది. ఆట మొదలైన పది నిమిషాలకే చిట్, "ఒరే గుమాస్తా, ఇటురా" అన్నాడు, బంతి అతని కాలి ముందు వచ్చి పడింది. ఇద్దరి మధ్యనుంచి దూరి గోలు కొట్టాడు. మా జట్టు ఆ సీజనులో వేసిన మొదటి గోలు అది. నేను విజిలు నోట్లో పెట్టుకున్నాను గాని, ఆ రోజు రిఫరీని కానని గుర్తొచ్చి తీసేశాను. విరామం తర్వాత బెజవాడవాళ్ల ఆంగ్లో ఇండియన్ దొర ఒకటి కొట్టి సమం చేశాడు. సమమైతే చాలదు.

ఇంకో ఐదు నిమిషాలు ఉందనగా బంతి మా గోలు ముందు బాగా ఎత్తు లేచింది. కిందనుంచి దొర భుజం వంచి వస్తున్నాడు. కృష్ణమూర్తి బంతి కేసి చూస్తూ వెనక్కి నడుస్తున్నాడు, పోలయ్య ముందుకు వస్తున్నాడు. భీమవరం ఆటే మళ్లీ కళ్లముందు జరగబోతోందని నేను కళ్లు మూసుకున్నాను. అప్పుడు వినిపించింది, కొల్లేటి నీళ్ల మీద అవతలి దోనెకు అందే గొంతు.

"ఒరే కిట్టూ, వదలరా, నాది."

కృష్ణమూర్తి టక్కున కూర్చుండిపోయాడు. పోలయ్య అతని తల మీదుగా ఎగిరి బంతి అందుకుని, దొర భుజం తగిలేలోపలే వల విసిరినట్టు విసిరాడు. అది గుమాస్తాకు, గుమాస్తా నుంచి చిట్‌కు. నాలుగు కేకలు, నాలుగు తాకుళ్లు, గోలు. జనం గొడుగులు ఎగరేశారు. నేను పక్కనున్న పెద్దమనిషిని కావలించుకుని, ఆయన మా కరస్పాండెంటుగారని తర్వాత గమనించాను.

కథ అక్కడితో అయిపోలేదు. పోలయ్యకు తన నోట ఏం వచ్చిందో అప్పటికి తెలిసింది. గోలు వదిలేసి కృష్ణమూర్తి దగ్గరకు పరిగెత్తి, తప్పయిపోయిందండీ చినబాబుగారూ అంటూ అతని కాళ్ల దగ్గర వంగిపోయాడు. బెజవాడవాళ్లు ఈ లోపల నడిమధ్య బంతి పెట్టి ఆట మొదలుపెట్టారు. దొర ఖాళీ గోలు చూశాడు. చూసి ఆగుతాడా, అంత దూరం నుంచే లాగి కొట్టాడు. కృష్ణమూర్తి పోలయ్య రెక్క పట్టి లేపి, "ఒరే పోలిగా, తర్వాత పడుదువుగానిరా, గోలు" అని ఒక్క తోపు తోశాడు. పోలయ్య పరుగెత్తి బురదలో పది గజాలు జారి, వేళ్ల చివరతో బంతిని తాకి పక్కకు నెట్టాడు. రిఫరీ చివరి విజిలు ఊదేటప్పుడు ఆయనకూ నవ్వు ఆగలేదు.

ఆట అయ్యాక గుడారంలో ఉప్మా, సోడాలు ఏర్పాటు చేశారు. పోలయ్య ఎప్పటిలాగే బయట తాడు దగ్గర నిలబడ్డాడు. తన సంగతి ఏమవుతుందోనని కొంచెం బెదురుగా కూడా ఉన్నాడు. లోపల వెంకటరత్నంగారు కూర్చుని ఉన్నారు. కృష్ణమూర్తి రెండు సోడాలు తీసుకుని, ఒళ్లంతా బురదతోనే బయటికి వెళ్లి, ఒకటి పోలయ్య చేతిలో పెట్టాడు.

"పోలయ్యగారూ, మీరు లోపలికి రండి. మీరు కూర్చుంటేగాని మేం తినం."

వెంకటరత్నంగారు ఆ మాట విన్నారు. తన పక్కనున్న కుర్చీ మీది కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నారు. పోలయ్య వచ్చి ఆ కుర్చీ అంచున కూర్చున్నాడు.

చిట్ ఆ సీజనూ, తర్వాత ఇంకో రెండు సీజన్లూ మా జట్టుకు ఆడాడు. ఆ ఏడు మాది మూడో స్థానం. నేను ఆ తర్వాత ముప్పై ఏళ్లు రకరకాల స్కూళ్లలో జట్లను తయారుచేశాను. మొదటి రోజు బంతి ముట్టనివ్వకుండా, ఒకరినొకరు పిలుచుకోవడం నేర్పేవాణ్ణి. పిల్లలకు మోటు మాటలు నేర్పుతున్నానని ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు నా మీద రిమార్కు రాశారు. వాళ్లకు నేను రాసిచ్చిన సంజాయిషీ ఇక్కడ మళ్లీ చెబుతున్నాను. ఒరే అనిపించుకోవడం అలవాటైన ఆటగాడు అవతలివాణ్ణి మీరు అనడానికి వెనకాడడు. నా ఉద్యోగకాలంలో ఆ మీరు అన్న మాట నోటికి రానివాళ్లను చాలామందిని చూశాను, వాళ్లలో ఎవరూ ఎన్నడూ ఆ గీత లోపలికి వచ్చి ఆడినవాళ్లు కారు.